కూరలలోని గుణము – వండువారి వంతు

ఆహారమే ఆరోగ్యమునకు మూలమని యెల్లరు నెఱిగినదే. అయినను కూరలనుగూర్చి మాటలాడునప్పుడు మనవారు సాధారణముగా రుచినే విచారింతురు. గుణమును వైద్యులకు వదలివేయుదురు. తోటకూర చలువ యనియు, మునగాకు వేడి యనియు, వంకాయ దురద యనియు, కాకరకాయ మధుమేహమునకు మంచిదనియు తల్లినుండి కూతురికి మాటలు వచ్చుచునే యున్నవి. వీనిలో కొన్నింట సత్యము కలదు, కొన్నింట లేదు. ఏది సత్యమో తెలిసికొనుటకు గడచిన నూఱేండ్లలో రసాయనశాస్త్రజ్ఞులును, వైద్యులును చేసిన కృషి స్వల్పము కాదు. ఆ కృషివలన తేలినదానిని వంటయింటి కుపయోగపడునట్లు సోదరీమణులకు విన్నవించుటయే మా యుద్దేశము.

మొక్క కాళ్లులేని జీవి. ఎండ తీవ్రమైనప్పుడు నీడకు పోజాలదు. పురుగు కొఱికినప్పుడు పాఱిపోజాలదు. కావున తన్ను తాను కాపాడుకొనుటకై ఆకులందును, తొక్కయందును, గింజలందును అనేక పదార్థములను తయారుచేసికొనును. వగరును, చేదును పురుగులను పశువులను దూరముగా నుంచును. ఆకులోని పసుపు పదార్థములు తీవ్రమైన వెలుతురు వలన చెఱుపు కలుగకుండ కాచును. పండిన పండు రంగు పక్షులను పిలిచి గింజలను వెదచల్లించును. మన నాలుకకు తోచు పులుపు, వగరు, ఘాటు, చేదు. మన కంటికి కనుపించు ఆకుపచ్చ, ఎఱుపు, ఊదా - ఇవన్నియు నట్టి పదార్థముల గుర్తులే.

ఈ పదార్థములలో కొన్ని విటమినులు. అవి లోపించిన నిశ్చయముగా జబ్బు చేయును. తక్కినవి విటమినులు కావు. అవి లేనంతమాత్రమున ప్రత్యేకమైన వ్యాధి యేదియు రాదు గాని, అవి గల కూరలను, పండ్లను ఏండ్ల తరబడి సమృద్ధిగా తినువారిలో గుండెజబ్బును, పక్షవాతమును తక్కువగా నుండుట పెక్కు దేశములలో గమనింపబడినది. 1997లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరీక్షలో 459 మంది పాల్గొనిరి. వారిలో కొందఱికి కూరలు, పండ్లు హెచ్చుగాను, క్రొవ్వు తగ్గించిన పాలతోను కూడిన భోజనమును ఎనిమిది వారములు పెట్టిరి. ఉప్పు మార్చలేదు, బరువు తగ్గింపలేదు, మందు ఇయ్యలేదు. అయినను సాధారణ భోజనము చేసినవారితో పోల్చగా వీరి రక్తపుపోటులోని పై యంకె సగటున 5.5 మేరకు తగ్గెను.

అయితే కూర బజారునుండి సంచిలోనికి వచ్చినంతమాత్రమున దాని గుణము కడుపులోనికి రాదు. నడుమ కత్తిపీట కలదు, నీరు కలదు, నిప్పు కలదు, నూనె కలదు. వీనిలో నొక్కొక్కటి యొక గుణమును నిలుపును, ఒక గుణమును పోగొట్టును. వీని నన్నింటిని నడపునది గృహిణి చేయి. ఆ చేతి నేర్పువలన నిలిచిన గుణము ఇంటిల్లిపాదికి నందుచున్నదా, ఆమెకును అందుచున్నదా యను ప్రశ్న కూడ కలదు. దానిని చివరకు విచారింతము.

ఆకు

ఆకుకూరల గుణమును కనుగొనిన చరిత్రలో తెలుగువారికిని ఒక పాలు కలదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, అచ్చటి బట్టలమిల్లులలో పనిచేయు స్త్రీలకు గర్భవతులై యున్నప్పుడు కలుగుచుండిన తీవ్రమైన రక్తహీనతను పరిశీలించెను. వారి యాహారములో నేదియో లోపించినదని యామె గ్రహించి, ఈస్టు సారము నిచ్చి చూడగా రోగము కుదిరెను. ఈ సంగతి 1931లో ప్రకటితమయ్యెను. ఆ లోపించిన పదార్థమేదో మఱి పదియేండ్లకుగాని తెలియలేదు. 1941లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయమున ముగ్గురు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి యొక పదార్థమును వేఱుపఱచి, లాటిను భాషలో ఆకునకు గల 'ఫోలియం' అను పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. ఆకునుండి పుట్టిన ఆమ్లమన్న మాట. లూసీ విల్స్ వెదకినది ఆ జాతి పదార్థమే.

దీనిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును 1945 నాటికి సాధించిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరు లిరువురు స్ప్రూ అను వ్యాధిచే, అనగా మనవారు సంగ్రహణి యని చెప్పు పొట్టజబ్బుచే, యౌవనముననే గతించిరి. ఆ వ్యాధి ఆయననుకూడ పట్టి పీడించెను. ఫోలిక్ ఆమ్లము సిద్ధమైన పిమ్మట ఆ స్ప్రూ వ్యాధికే మందుగా నుపయోగపడెను. సుబ్బారావుగారు 1948లో అమెరికాలోనే పరమపదించిరి.

ఈ పదార్థము శరీరములో క్రొత్త కణములు పుట్టుటకు కావలయును. రక్తము నిత్యము క్రొత్తగా పుట్టవలసినది గనుక ఇది లేకున్న రక్తహీనత కలుగును. గర్భస్థశిశువు కణములు బహుశీఘ్రముగా వృద్ధిపొందును గనుక గర్భవతి కిది మఱింత యవసరము. శిశువు వెన్నుపాము ఏర్పడు గొట్టము గర్భము ధరించిన నాలుగు వారములలోపలనే మూసికొనును. అప్పటి కనేక స్త్రీలకు తాము గర్భవతులమని తెలియనే తెలియదు. ఆ గొట్టము సరిగా మూసికొనకున్న బిడ్డ వెన్ను లోపముతో పుట్టును. 1991లో ప్రకటింపబడిన పరీక్ష యొకటి ఏడు దేశములలో జరిగినది. అట్టి బిడ్డను మునుపు కనిన తల్లులకు, మరల గర్భము ధరించుటకు ముందునుండియు ఫోలిక్ ఆమ్లము నిచ్చి చూడగా, ఆ లోపము మరల వచ్చుట నూటికి 72 పాళ్లు తగ్గెను. కావున బిడ్డను కోరు స్త్రీ వైద్యుని యడిగి ముందుగానే యీ మాత్రలను వాడుట మంచిది. ఈ విషయమున మాత్రకు బదులు ఆకుకూర చాలునని తలంపరాదు. మాత్ర యున్నది గదా యని ఆకుకూరను మానను రాదు.

ఆకులోని ఫోలేటు నీటిలో కరగును, కాకకు నశించును. పాలకూరను నీళ్లలో ఉడికించి ఆ నీటిని వార్చివేసి చూడగా సుమారు సగము పోయినది. ఆవిరిపై ఉడికించినదానిలో చెప్పదగినంత నష్టము కనుపడలేదు. మన పప్పుకూర, పులుసుకూర ఈ విషయమున మేలైనవి, ఏలయన నీరు పాఱబోయు పని యుండదు. వేపుడుకై తోటకూరను ముందు ఉడికించి పిండి, ఆ నీటిని తూములో పోయువారు మాత్రము మంచి గుణమును తూముపాలు చేయుచున్నారు. ఆ నీటిని చారులోనో, పప్పులోనో పోసికొనవచ్చును. ఆకును కడిగి తఱుగవలెను గాని తఱిగి కడుగరాదు.

ఆకులోని రెండవ గుణము కెరొటీను. ఇది పసుపుపచ్చని రంగు. లేతాకులోను, ముదురాకులోను ఇది యున్నను ఆకుపచ్చ దానిని కప్పివేయును. ముదురాకు పచ్చదనము ఎంత చిక్కగా నుండునో కెరొటీను సాధారణముగా నంత హెచ్చు. మన దేహము దీనిని 'ఎ' విటమినుగా మార్చుకొనునని 1930లో థామస్ మూర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎలుకలలో చూపెను. 'ఎ' విటమిను లోపించిన రేచీకటి కలుగును. లోపము ముదిరిన బిడ్డల కనుగ్రుడ్లు చెడి చూపే పోవును. భారతదేశమున 1970లో చిన్నబిడ్డలకు ఈ విటమినును హెచ్చు మోతాదుగా నోటిలో పోయు పథకము ఆరంభమగుటకు ఇదియే కారణము.

కెరొటీను నీటిలో కరగదు, నూనెలో కరగును. కావున నూనెచుక్క తగులని ఆకుకూర తినిన దేహమునకు పట్టునది స్వల్పము. బరువు తగ్గింపగోరి నూనె బొత్తిగా మానువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ఎక్కువ యక్కఱలేదు, పోపునకు వేయు నూనె చాలును. టొమాటోలోని ఎఱుపునకు లైకోపీనని పేరు. అదియు నిట్టిదే, పచ్చిగా తినినదానికంటె నూనెతో మగ్గించినప్పుడు దేహమునకు బాగుగా పట్టును. ఆకులోని కెరొటీను కంటె మామిడిపండు, బొప్పాయిపండు, గుమ్మడికాయలలోని కెరొటీను సులభముగా పట్టును. మునగాకు ఎండబెట్టి పొడిచేసి దాచుకొనువారు నీడలో నెండబెట్టవలెను. తీక్ష్ణమైన ఎండకు కెరొటీను చాలవఱకు నశించును.

కొన్ని యిండ్లలో బాలింతకు పథ్యమను పేర ఆకుకూరలను పెట్టరు. పాలద్వారా బిడ్డకు అందవలసిన 'ఎ' విటమిను తల్లి తినిన యాహారమునుండియే రావలెను. తల్లికి కారము, బరువైన వంటకములు కొన్నాళ్లు తగ్గించిన తగ్గింపుడు గాని, మెత్తగా ఉడికిన ఆకుకూర పప్పును తప్పించుట తల్లీబిడ్డ లిరువురకును నష్టము.

పులుపు

1747లో జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు స్కర్వీ వ్యాధితో చిగుళ్లు వాచి మంచము పట్టిన పండ్రెండుగురు నావికులను ఇద్దఱిద్దఱిగా విభజించి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క మందు నిచ్చి చూచెను. దినమునకు రెండు నారింజపండ్లు, ఒక నిమ్మపండు తినిన జంట అందఱికంటె ముందుగా కోలుకొనెను. ఆ పండ్లలోని గుణము 'సి' విటమిను. దానిని హంగేరీ దేశీయుడగు సెంట్ గ్యోర్గి తమ యూరి ఎఱ్ఱ మిరపజాతి కాయలనుండి విస్తారముగా తీసి పరిశీలించెను. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను.

మనకు దీనికొఱకు ఖరీదైన పండ్లు కొననక్కఱలేదు. జామపండులో నూఱు గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాముల 'సి' విటమిను కలదు. నారింజలో దానిలో నాలుగవ వంతును మించదు. ఉసిరికాయ జామకాయకు తీసిపోదు. పచ్చిమిరపలోను ఇది సమృద్ధిగా కలదు, ఎండుమిరపలో చాలవఱకు నశించును. విచిత్రమేమనగా, మన పులుపున కంతకును ఆధారమైన చింతపండులో 'సి' విటమిను బహుస్వల్పము. దాని పులుపు వేఱొక యామ్లమువలన వచ్చినది. కావున చింతపండు పులుసు త్రాగితిమి గదా, నిమ్మకాయ యెందులకని యనరాదు.

'సి' విటమిను నీటికి, కాకకు, గాలికి మూడింటికిని ఓర్వదు. నిమ్మకాయ పప్పును దించిన పిమ్మటనే రసము పిండవలెనను మన పెద్దల యలవాటు చేదెక్కకుండుటకై పుట్టినదైనను, విటమినును గూడ నిలుపుచున్నది. పండ్లను, దోసకాయలను, ఉల్లిముక్కలను తినబోవునప్పుడే కోయుట మేలు. ఉదయము కోసి రాత్రివఱకు ఉంచినవానిలో గుణము తఱుగును.

ఈ విటమిను చేయు మఱియొక యుపకారము మన స్త్రీలకు మిక్కిలి ముఖ్యమైనది. ఆకుకూరలలోను, పప్పులలోను గల ఇనుము దేహమునకు బహుకొద్దిగా పట్టును. అదే భోజనములో నిమ్మరసమో, ఉసిరికాయ పచ్చడియో, జామపండో చేరినచో ఆ ఇనుము హెచ్చుగా పట్టును. భోజనమునకు గంట తరువాత తినిన పండుకంటె భోజనముతో తినిన పండు ఈ విషయమున మేలైనది.

వగరు

వంకాయ తఱిగినచోట కొద్దిసేపటికే నలుపెక్కును. అరటికాయ, అరటిపువ్వు తఱిగిన చేతికి మరక పట్టును. అందువలననే మనవారు వంకాయముక్కలను ఉప్పునీటిలోను, అరటిపువ్వును మజ్జిగలోను వేయుదురు. ఆ నలుపునకు కారణమైనవి పాలిఫినాలులను పదార్థములు. కాయ కోయకమున్ను అవి యొక యఱలోను, వానిని మార్చు పదార్థము వేఱొక యఱలోను ఉండును. కత్తి తగులగానే గాలితో కలిసి రెండును నలుపును పుట్టించును. నేరేడుపండు, లేత జామకాయ, ఉసిరికాయ నాలుకను పట్టునట్లుండు వగరును ఈ జాతి పదార్థముల గుర్తే. వంకాయ తొక్కలోని ఊదారంగు, నేరేడుపండు రంగు దీనికి దాయాదులు. ఎఱ్ఱ తోటకూర, బీట్‌రూటుల రంగు మాత్రము చూచుట కట్లేయున్నను వేఱొక జాతికి చెందినది. దీనిని బెటలైన్ అందురు. కావున ఒకటి తినిన రెండవది తినినట్లు కాదు. పళ్లెములో రంగులు మార్చుచుండవలెననుటకు శాస్త్రీయమైన యర్థ మిదియే.

తొక్కయందే ఇట్టి పదార్థములు దట్టముగా నుండును గనుక వంకాయ, దోసకాయ, లేత బీరకాయలకు తొక్కతీయకుండుటయే మంచిది. తీసిన బీరపొట్టును పాఱవేయక పచ్చడి చేయు మన యాచారము మెచ్చదగినది.

వగరునకు ఒక చెఱుపు కూడ కలదు. టీలోను, కాఫీలోను ఇట్టి పదార్థములు దట్టముగా నుండి, కడుపులో ఇనుమును పట్టుకొని దేహమునకు అందనీయవు. 1983లో ప్రకటింపబడిన పరీక్షలో, భోజనముతో ఒక కప్పు కాఫీ త్రాగినప్పుడు ఇనుము పట్టుట నూటికి 39 పాళ్లు, టీ త్రాగినప్పుడు 64 పాళ్లు తగ్గినట్లు తేలినది. భోజనమైన గంటకు త్రాగినను కాఫీ అంత నష్టమును చేసినది. గంట ముందు త్రాగినప్పుడు నష్టము కనుపడలేదు. మధ్యాహ్నము అందఱికి వడ్డించి, తాను తిని, చేయి కడుగుకొనగానే అలసట తీఱుటకై గ్లాసెడు టీ త్రాగు సోదరీమణులు దీనిని గమనింతురు గాక. టీ మానుమని మేము చెప్పము. భోజనమునకు దూరముగా జరుపుమని కోరుచున్నాము.

ఘాటు

వెల్లుల్లిపాయ ఒలిచి పెట్టినప్పుడు అంతగా వాసన వేయదు. చితుకగొట్టగానే యిల్లంతయు వాసన నిండును. కోయకమున్ను లేని పదార్థము చితికిన పిమ్మట పుట్టుటయే దీనికి కారణము. దాని పేరు అల్లిసిన్. అమెరికా శాస్త్రజ్ఞులు 1944లో దానిని వేఱుపఱచిరి. ఇది పుట్టుటకు తోడ్పడు పదార్థము నిప్పుసెగకు నశించును. కావున రెబ్బలను నేరుగా మరుగు నూనెలో వేయుటకంటె, చితుకగొట్టి పదినిమిషము లుంచి పిమ్మట వేయుట మేలు. వెల్లుల్లివలన రక్తపుపోటును, రక్తములోని క్రొవ్వును కొద్దిగా తగ్గుచున్నట్లు పరీక్షలలో కనుపడినది. మందులకు బదులు కాజాలునంత తగ్గుదల మాత్రము కాదు.

ఆవాల కథయు నిట్టిదే. పొడి ఆవాలకు ఘాటు లేదు. నీటితో నూఱగానే ముక్కుపుటములు అదరును. ఆవపెట్టిన పనసపొట్టు కూర, అరటికాయ కూర వండువారు ఆవముద్దను పొయ్యిమీద నుండగా వేయక, కూర దించి కొంచెము చల్లారిన తరువాతనే కలుపుదురు. వేడికి ఘాటు పోవునని వారి యనుభవము. క్యాబేజీ, ముల్లంగి, కాలీఫ్లవరులలోను ఆవాల జాతి పదార్థములే కలవు. ఆ కుటుంబమునకే చెందిన బ్రకోలీ యను కూరలో సల్ఫొరఫేన్ అను పదార్థము శరీరములోని విషములను హరించు శక్తులను మేల్కొల్పునని 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు చూపిరి. ఉడికించిన బ్రకోలీపై ఆవపొడి చల్లినచో ఆ పదార్థము హెచ్చుగా పుట్టునని తరువాత తెలిసినది. క్యాబేజీని తఱిగి కొంతసేపు ఉంచి, తక్కువ నీటితో, తక్కువసేపు ఉడికించుట మంచిది.

చేదు

చేదు విషయమున రెండు మాటలు చెప్పవలసియున్నది. మొదటిది: కాకరకాయ మంచి కూరయే. కాని కాకరరసము త్రాగుచున్నామని మధుమేహపు మందులను మానుట ప్రమాదకరము. మందునకు బదులు నిలువగల బలము దానికి కలదని పరీక్షలలో తేలలేదు.

రెండవది మఱింత జాగ్రత్తగా వినదగినది. సొరకాయకు సహజముగా చేదు లేదు. ఎప్పుడైన నొక కాయ చేదుగా నున్నచో అది మొక్క పుట్టించిన విషమునకు గుర్తు. ఆరోగ్యమునకు మంచిదని ప్రాతఃకాలమున సొరకాయ రసము త్రాగువారిలో, చేదురసము త్రాగి తీవ్రమైన వాంతులు, రక్తస్రావముతో కొందఱు మరణించిన సంగతిని భారత వైద్య పరిశోధన మండలివారి నిపుణసంఘము విచారించి, చేదైన సొరకాయను రసముగా త్రాగవలదని హెచ్చరించినది. తఱుగునప్పుడు చిన్నముక్క నాలుకకు తాకించి చూచుట మన పెద్దల యలవాటు. చేదు తగిలిన ఉమ్మివేసి, కాయను పాఱవేయవలెను. ఉడికించినను ఆ చేదు పోదు. మొక్కలో పుట్టినదంతయు మేలే యను భ్రమకు ఇంతకంటె మంచి జవాబు లేదు.

మాత్రలు, చూర్ణములు

కూరలోని గుణము ఫలాన పదార్థమువలన గదా, దానినే మాత్రగా మ్రింగిన చాలదా యని కొందఱడుగుదురు. ఈ ప్రశ్నకు ఫిన్లండు దేశమున జరిగిన గొప్ప పరీక్ష సమాధాన మిచ్చినది. కెరొటీను గల కూరలు తినువారికి ఊపిరితిత్తుల పుట్టకురుపు తక్కువగా వచ్చుచున్నదని గమనించి, పొగత్రాగు అలవాటు గల 29,133 మంది పురుషులపై పరీక్ష చేసి, కొందఱికి కెరొటీను మాత్రలనిచ్చిరి. 1994లో ఫలితము తేలినది. మాత్రలు తినినవారిలో ఆ వ్యాధి తగ్గకపోగా నూటికి 18 పాళ్లు హెచ్చెను. కూరలో మేలు చేసినదే వేఱుచేసి హెచ్చు మోతాదున ఇచ్చిన కీడు చేసెను. కూరలో నది యొంటరిగా నుండదు. పీచు, నీరు, లవణములు, ఇతర పదార్థములు నూటికి పైగా దానితో కలిసియుండును.

ఫలాన పండులో ఇన్ని వేల యూనిట్ల విషహరశక్తి కలదని చూర్ణముల ప్రకటనలు వచ్చుచుండును. అట్టి అంకెల పట్టికను అమెరికా వ్యవసాయశాఖవారు ప్రచురించి, దానిని వర్తకులు దుర్వినియోగము చేయుచున్నారనియు, గాజుగొట్టములోని శక్తి దేహములోని మేలునకు కొలత కాదనియు 2012లో ఉపసంహరించుకొనిరి. ఈ సంగతి తెలిసిన పిమ్మట పెరటిలోని మునగచెట్టును విడిచి వందల రూపాయల డబ్బాలకై పరుగెత్తనక్కఱలేదు.

అయితే అన్ని మాత్రలు నిట్టివి కావు. రక్తహీనతకు వైద్యుడిచ్చిన ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను మానరాదు. శాకాహారులకు మఱియొక హెచ్చరిక: రక్తమునకు, నరములకు కావలసిన 'బి-12' విటమిను ఏ ఆకులోను, కాయలోను లేదు. పాలు, పెరుగు తగినంత తీసికొననివారు నీరసము, అరికాళ్ల తిమ్మిరులు కలిగినచో వైద్యుని చూడవలెను. రక్తము పలుచబడుటకు మందు తినువారు ఆకుకూరల పరిమాణమును ఒకేసారి హెచ్చింపక, తగ్గింపక వైద్యుని సలహా తీసికొనవలెను. మూత్రపిండములలో రాళ్లు గలవారు పాలకూర వంటివానిని మితముగా తినవలెను.

వండువారి వంతు

ఆహారమునుగూర్చిన పరిశోధనకై 1918లో కూనూరున రాబర్ట్ మెకారిసన్ ఆరంభించిన సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థయను పేర పనిచేయుచున్నది. వారి సూచన ప్రకారము రెండువేల కేలరీల భోజనము చేయువారికి దినమునకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరలు, 100 గ్రాముల పండ్లు కావలయును. నలుగురు పెద్దలున్న యింట రెండు కిలోలన్న మాట. ఈ లెక్కతో మన సంచిని తూచి చూచుకొనుట యుచితము. ఖర్చునకు వెఱవనక్కఱలేదు: తోటకూర, మునగాకు, గుమ్మడికాయ, జామపండు, బొప్పాయిపండు వాని వాని కాలములో చౌకయే.

కాని సంచి నిండినను సరిపోని లోప మొకటి కలదు. 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల వయసు గల భారతస్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణములో 57.6. అదే వయసు పురుషులలో దేశము మొత్తముమీద నూటికి 25 మందికే యున్నది. స్త్రీ దేహధర్మమువలన ఇనుము నష్టము హెచ్చనుట నిజమే. అయినచో ఆమెకు కూరయు హెచ్చుగా నందవలెను గదా! మన యిండ్లలో జరుగునది దానికి విరుద్ధము. అన్నము అందఱికి సరిపోవునట్లు వండుదుము. కూర మాత్రము ముందు కూర్చున్నవారికి సరిపోవును. మగవారు, పిల్లలు, అతిథులు తినిన పిమ్మట గిన్నెలో మిగిలినది నూనె, పోపుగింజలు. ఇల్లాలు పచ్చడియు, మజ్జిగయు వేసికొని తిని లేచును. జామపండు నాలుగు ముక్కలైనప్పుడు అయిదవ ముక్క యుండదు.

ఇందు ఎవరి దుర్మార్గమును లేదు. తల్లుల నుండి వచ్చిన యలవాటు. అలవాటును మార్చుటకు పెద్ద యుద్యమము అక్కఱలేదు. కూర దించగానే, ఎవరికిని వడ్డింపకముందే, వండినవారి వంతును చిన్నగిన్నెలోనికి తీసి మూతపెట్టవలెను. దేవునికి నివేదన తీసినట్లు, దూరప్రయాణమునకు పోవువారికి పొట్లము కట్టినట్లు, నిస్సంకోచముగా తీయవలెను. వీలైన యింట అందఱును కలిసి కూర్చుండి తినుట అంతకంటె ఉత్తమము. అత్తలైన సోదరీమణులు కోడలి వంతు, ఎదిగిన కూతురి వంతు ముందుగా తీసిపెట్టుదురేని, ఆ యింట ముందుతరము బిడ్డలకు రక్తము నిచ్చినవారగుదురు. ఆ వంతుపై నిమ్మకాయ చెక్క పిండుట మఱువవలదు. వార్చని నీరు, దించిన తరువాత పిండిన నిమ్మరసము, చితుకగొట్టి పది నిమిషములుంచిన వెల్లుల్లి - ఇంత జాగ్రత్తతో నిలిపిన గుణము నిలిపిన చేతికే అందకపోవుట న్యాయము కాదు.